ఇంట్లో పాటల సర్వర్‌కి ఏ చిన్న కంప్యూటర్ తీసుకోవాలి?

(ప్రసంగం రికార్డింగ్ విని, రాలేకపోయినవారి కోసం టైప్ చేసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి. సరే, మొదలుపెడదాం.

విషయం మీకు తెలిసిందే. దాచుకున్న పాటలన్నీ ఒకచోట పెట్టుకుని, ఇంట్లో ఏ గదిలోనైనా, ఫోన్‌లోనైనా వినాలి. దానికి ఒక చిన్న కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. ఏది కొనాలి? నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఆ వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: "ప్రాసెసర్ ఏది మంచిదండీ? ర్యామ్ ఎంత ఉండాలి?" ఆ ప్రశ్నని జాబితాలో చిట్టచివరికి నెట్టేయమని చెప్పడానికే నేను ఈరోజు ఇక్కడికి వచ్చాను. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. అది ఎక్కడ పెడతారు? ఎంత చప్పుడు చేస్తుంది? ఏడాది పొడుగునా ఆన్‌లో ఉంటే ఎంత కరెంటు కాలుతుంది? డిస్క్‌ని దానికి ఎలా తగిలిస్తారు? కరెంటు పోయి వస్తే దానంతట అదే లేస్తుందా? ఇవి తేలితే ప్రాసెసర్ సంగతి అదే తేలిపోతుంది.

ఎందుకలా అంటున్నానో లెక్కతో చూపిస్తాను. భయపడకండి, గుణకారాలే.

సీడీలో పాట ఎలా ఉంటుంది? సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి అంకెలుగా రాస్తారు. ఒక్కో కొలతకి 16 బిట్లు. ఎడమ ఒకటి, కుడి ఒకటి, రెండు చానళ్లు. గుణించండి. సెకనుకి 14,11,200 బిట్లు. అంటే 1.4 మెగాబిట్లు. ఈ ప్రమాణం 1980 నాటిది, అప్పటికి అది చాలా పెద్ద అంకె. ఇప్పుడు? పాతకాలపు నెట్‌వర్క్ పోర్టు కూడా సెకనుకి 100 మెగాబిట్లు మోస్తుంది. ఇంట్లో పది గదుల్లో పదిమంది పది వేర్వేరు పాటలు పెట్టుకున్నా 14 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతాం. "మావి హై రిజల్యూషన్ పాటలండీ, 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్" అనేవాళ్లు ఉంటారు. ఉన్నారా ఇక్కడ? ఆ, అక్కడ ఇద్దరు నవ్వుతున్నారు. మీదీ లెక్క కడదాం. 9.2 మెగాబిట్లు. అంతే.

పైగా పాటని మనం అంత పొడుగ్గా దాచుకోం కదా. ఫ్లాక్‌లో దాచుకుంటాం. 2001లో వచ్చిన ఫార్మాట్ అది. ఒక్క బిట్ కూడా పోగొట్టకుండా సైజుని దాదాపు సగానికో, సగం కంటే కొంచెం పైకో తెస్తుంది. దాన్ని తయారుచేసిన పద్ధతిలోనే ఒక తెలివి ఉంది: కుదించేటప్పుడు పని ఎక్కువ, విప్పేటప్పుడు పని చాలా తక్కువ. కుదించడం ఒక్కసారే చేస్తాం, విప్పడం విన్న ప్రతిసారీ చేస్తాం. అందుకని చవక చిప్ కూడా సునాయాసంగా విప్పేస్తుంది.

ఇంకో సంగతి. చాలా సందర్భాల్లో ఆ విప్పే పని కూడా సర్వర్ చెయ్యదు. పాట వినిపించే పరికరం చేస్తుంది. సర్వర్ పని గ్రంథాలయంలో పుస్తకం తీసి ఇచ్చే మనిషి పని లాంటిది. ఏ అరలో ఏముందో తెలియాలి, అడిగితే తీసి ఇవ్వాలి. పుస్తకం ఆయన చదవక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై అని అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఉంది, పొట్టిగా "పై" అంటాం. మొదటిది 2012లో వచ్చింది. 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ. అది కూడా ఈ పని చెయ్యగలిగింది. కాబట్టి ఈరోజు మార్కెట్లో దొరికే ఏ చిన్న కంప్యూటరైనా పాట పంపడానికి సరిపోతుందా? సరిపోతుంది. ఏదైనా సరే.

మరి వేగం అసలు అక్కర్లేదా? అలా అనలేదు. అది కావాల్సిన చోట్లు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో చూసుకోండి.

ఒకటి, స్కానింగ్. కొత్తగా డిస్క్ తగిలించినప్పుడు సర్వర్ ప్రతి ఫైలునీ తెరిచి, అందులో రాసివున్న పేర్లు, ఆల్బమ్, సంవత్సరం, బొమ్మ అన్నీ చదివి ఒక డేటాబేస్ తయారుచేసుకుంటుంది. యాభై వేల పాటలుంటే చిన్న బోర్డు మీద ఇది చాలాసేపు నడుస్తుంది. కానీ ఎన్నిసార్లు? పూర్తి స్కాన్ మొదట ఒకసారి. తర్వాత కొత్తగా చేరినవే చూస్తుంది. రాత్రి పెట్టి పడుకోండి. దానికోసం రెట్టింపు డబ్బు పోసి పెద్ద కంప్యూటర్ కొనక్కర్లేదు.

రెండోది, పాటని అప్పటికప్పుడు వేరే ఫార్మాట్‌లోకి మార్చడం. బయట ఉన్నప్పుడు ఫోన్‌లో వింటారు, డేటా ఆదా చెయ్యాలి, అప్పుడు సర్వర్ ఫ్లాక్‌ని ఓపస్‌గానో ఎంపీ3గానో మార్చి పంపుతుంది. ఒకరిద్దరు వినేవాళ్లుంటే రాస్ప్‌బెర్రీ పై 4 దీన్ని కష్టం లేకుండా చేస్తుంది.

మూడోది ఉంది చూశారూ, ఇది నిజంగా బరువైన పని. గది ప్రతిధ్వనిని బట్టి శబ్దాన్ని సవరించడం, శాంపిల్ రేటుని, అంటే సెకనుకి కొలతల సంఖ్యని, ఎన్నో రెట్లు పెంచడం, అన్నిటినీ డీఎస్‌డీ అనే మరో శబ్ద ఫార్మాట్‌లోకి మార్చడం. ఈ సరదా ఉన్నవాళ్లకి మంచి ప్రాసెసర్ కావాలి. అలాగే రూన్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి కూడా. దాని సర్వర్ భాగానికి వాళ్లు అడిగేదే ఇంటెల్ కోర్ ఐ3 స్థాయి ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, డేటాబేస్‌కి ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని డిస్క్. రాస్ప్‌బెర్రీ పై మీద రూన్ సర్వర్ నడవదు. దాని ప్లేయర్ భాగం మాత్రం నడుస్తుంది. కాబట్టి మీరు రూన్ మనుషులైతే రాస్ప్‌బెర్రీ పై గురించి నేను చెప్పబోయేదంతా వదిలేసి మినీ పీసీ దగ్గర మళ్లీ నాతో కలవండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. అది ఎక్కడ ఉంటుంది?

ఇల్లు మనసులో పెట్టుకోండి. రెండు దారులున్నాయి. మొదటి దారి, కంప్యూటర్ ఆంప్లిఫయర్ పక్కనే ఉంటుంది. అదే పాటలు దాస్తుంది, అదే వినిపిస్తుంది. రెండో దారి, అది రౌటర్ పక్కన ఏ మూలో ఉంటుంది, పాటలు నెట్‌వర్క్ మీద పంపుతుంది, వినిపించే పరికరం వేరే ఉంటుంది. ఈ రెండిటికీ కొనే వస్తువు వేరు. ఇది తేల్చుకోకుండా కొనేవాళ్లే ఆర్నెల్లకి మళ్లీ ఇంకోటి కొంటారు.

మొదటి దారిలో మొట్టమొదట చూడాల్సింది నిశ్శబ్దం. మీరు ఒక్క తంబురా శ్రుతి వింటున్నారనుకోండి. పక్కనే ఒక చిన్న ఫ్యాన్ సన్నగా ఈల వేస్తుంటే ఏమవుతుంది? ఈ చిన్న పెట్టెల్లో ఉండే ఫ్యాన్లు సైజులో చిన్నవి. చిన్న ఫ్యాన్ అంతే గాలి తొయ్యాలంటే ఎక్కువ వేగంగా తిరగాలి. వేగంగా తిరిగితే శబ్దం సన్నబడి చెవికి ఇంకా గుచ్చుకుంటుంది. కాబట్టి వినే గదిలో పెట్టేదానికి ఫ్యాన్ ఉండకూడదు, తిరిగే హార్డ్‌డిస్క్ ఉండకూడదు. ఇందులో బేరం లేదు. రెండో దారిలో ఈ నియమం సడలుతుంది. మెట్ల కింద అరలో ఉన్నది ఎంత హోరుపెట్టినా మీకేం?

ఇక్కడే ఇంకో ప్రశ్న వస్తుంది, వస్తుందని తెలుసు, ముందే చెప్పేస్తాను. "కంప్యూటర్ మారిస్తే పాట నాణ్యత మారుతుందా?" నెట్‌వర్క్ మీద పంపే సర్వర్ అయితే మారదు. దారిలో ఒక ముక్క చెడిపోతే మళ్లీ పంపించుకునే ఏర్పాటు నెట్‌వర్క్‌లోనే ఉంది. అవతల ప్లేయర్ కొన్ని సెకన్ల పాటని ముందుగా తెచ్చిపెట్టుకుని అందులోంచి వాయిస్తుంది. సర్వర్ పాతదైనా కొత్తదైనా చేరేవి అవే బిట్లు. సర్వర్‌కి ఖరీదైన కేబుల్, ప్రత్యేకమైన పవర్ సప్లై అని ఎవరైనా అంటే, ఆ డబ్బు స్పీకర్ల మీద పెట్టండి.

కంప్యూటరే ఆంప్లిఫయర్‌కి నేరుగా తగిలించి ఉంటే కథ కొంచెం వేరు. అక్కడ అంకెల్ని శబ్దంగా మార్చే డాక్ ఎక్కడుందన్నది ముఖ్యం. బయట పెట్టే యూఎస్‌బీ డాక్‌లు ఇప్పుడు ఎక్కువగా అసింక్రనస్ పద్ధతిలో పనిచేస్తాయి. అంటే లయ నడిపేది డాక్. దాని లోపలి గడియారం ప్రకారం అది అడుగుతుంది, కంప్యూటర్ ఇస్తుంది. కంప్యూటర్ గడియారం ఎంత నాసిరకమైనా పాటకి అంటదు. ఈ చిన్న కంప్యూటర్లలో ఎక్కువగా వాడే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో వీటికి చాలావరకు డ్రైవర్ కూడా అక్కర్లేదు, తగిలిస్తే పనిచేస్తాయి. కానీ కంప్యూటర్‌కి ఉన్న మామూలు హెడ్‌ఫోన్ రంధ్రం మీద ఆధారపడొద్దు. రాస్ప్‌బెర్రీ పై పాత మోడళ్లలో ఆ రంధ్రంలో నిజమైన డాక్ లేదు, ఒక తెలివైన సర్దుబాటు మాత్రమే. శబ్దం పలచగా, గరగరగా వస్తుంది. పై 5లో అయితే ఆ రంధ్రమే తీసేశారు. దాని మీద బిగించుకునే డాక్ బోర్డులు దొరుకుతాయి, హైఫైబెర్రీ లాంటివి. అవి బాగుంటాయి.

ఇంకొకటి, ఒక్కోసారి గుయ్‌మని హమ్ వస్తుంది. కంప్యూటర్ అడాప్టర్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఎర్త్ తీగలు ఒక చుట్టులా కలవడం వల్ల వచ్చేది అది. అది భ్రమ కాదు, నిజంగా వినబడుతుంది. వదిలించుకోవడానికి ఆప్టికల్ కేబుల్ వాడండి, అందులో లోహపు తీగ ఉండదు. లేదా కంప్యూటర్‌ని అక్కడినుంచి తీసేసి రెండో దారికి వెళ్లండి. నన్నడిగితే రెండో దారే మేలు.

సరే, ఇప్పుడు వస్తువుల దగ్గరికి వద్దాం. మార్కెట్లో ఏమున్నాయి?

రాస్ప్‌బెర్రీ పై గురించి ముందు చెప్పాలి. ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: పై 4, అంతకుముందువి. మధ్యలో ఒక గీత గీయండి. పై 3 వరకు నెట్‌వర్కూ, యూఎస్‌బీ పోర్టులన్నీ కలిసి ఒకే యూఎస్‌బీ 2.0 దారిని పంచుకునేవి. 3బి ప్లస్‌లో గిగాబిట్ పోర్టు అని రాసి ఉంటుంది, కానీ ఆ దారి ఇరుకు వల్ల 300 మెగాబిట్లకి మించదు. పాట వినడానికి ఇబ్బంది లేదు, ఇందాక లెక్క చూశాం. మరి ఇబ్బంది ఎక్కడ? మీ ఒక టీబీ పాటల్ని మొదటిసారి దాంట్లోకి ఎక్కించేటప్పుడు. 100 మెగాబిట్ల పోర్టు మీద ఒక టీబీ ఎక్కడానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. గిగాబిట్ మీద రెండున్నర, మూడు గంటలు. 2019లో వచ్చిన పై 4లో అసలైన గిగాబిట్ నెట్‌వర్క్ పెట్టారు, యూఎస్‌బీ 3.0 పెట్టారు, రెండూ వేరువేరు దారులు. పాటల సర్వర్‌కి పై 4, 2 జీబీ మోడల్ చాలు. చాలంటే నిజంగానే చాలు. ఇంట్లో పాత పై 3 ఖాళీగా ఉంటే దాన్నే వాడండి, కొత్తది కొనకండి. డిస్క్‌ని మాత్రం ముందే వేరే కంప్యూటర్‌లో నింపి తెచ్చి తగిలించండి.

పై 5 మరి? 2023లో వచ్చింది, చాలా వేగం. కానీ పాటలకి ఆ వేగం దేనికి? ఒక సదుపాయం ఉంది, పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే వేగమైన దారి బయటికి ఇచ్చారు, దానికి ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్ఎస్‌డీ తగిలించుకోవచ్చు. ఒక చిక్కూ ఉంది. దానికి 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. పాత 3 ఆంపియర్ల అడాప్టర్ పెడితే నడుస్తుంది, కానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. పోర్టబుల్ హార్డ్‌డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువే లాగుతుంది. అప్పుడేమవుతుంది? డిస్క్ లేస్తుంది, పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. మీరు డిస్క్ పాడైందనుకుంటారు. పాపం డిస్క్ తప్పేం లేదు.

అసలు ఈ చిన్న బోర్డులతో వచ్చే తలనొప్పుల్లో సగం అడాప్టర్ దగ్గరే ఉన్నాయి. ఫోన్ చార్జర్ పెట్టేసి, "అప్పుడప్పుడు ఆగిపోతోందండీ" అంటారు. బోర్డు కొనేటప్పుడు దాని సొంత అడాప్టర్ కూడా కొనండి. ఇది మళ్లీ చెప్తున్నాను, అడాప్టర్ కూడా కొనండి.

జీరో 2 డబ్ల్యూ అని ఇంకా చిన్నది ఉంది. దానికి నెట్‌వర్క్ కేబుల్ పోర్టు లేదు, వైఫై కూడా 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, మెమరీ 512 ఎంబీ. సర్వర్‌గా వద్దు. ఒక గదిలో ప్లేయర్‌గా పెట్టుకోవడానికి మాత్రం ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు మినీ పీసీలు. ఇక్కడ నాకు బాగా నచ్చిన వస్తువు ఒకటుంది, కానీ అది కొత్తది కాదు. ఆఫీసుల్లో మానిటర్ వెనక బిగించి వాడే చిన్న డెస్క్‌టాప్‌లు చూసే ఉంటారు. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ. ఒక లీటరు సైజు పెట్టెలు. ఆఫీసులు కొన్నేళ్లకి వీటిని మూకుమ్మడిగా మార్చేస్తాయి. అవి సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తాయి. లోపల 2.5 అంగుళాల డిస్క్‌కి చోటుంటుంది, కొత్త తరాల వాటిలో ఎం.2 స్లాట్ కూడా, అంటే చిన్న కార్డులాంటి ఎస్ఎస్‌డీ పెట్టే చోటు. అంటే పాటల డిస్క్ పెట్టె లోపలే ఉంటుంది. వేలాడే యూఎస్‌బీ వైరు లేదు, తుడిచేటప్పుడు ఎవరి చెయ్యో తగిలి ఊడిపోయే భయం లేదు. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు, పైకి అది కుదరదు. ఫ్యాన్ ఉంటుంది కాబట్టి వినే గదికి వద్దు. రౌటర్ పక్కన పెట్టేవాళ్లకి దీన్ని మించింది లేదంటాను.

ఫ్యాన్ లేనిది కావాలంటే థిన్ క్లయింట్లు చూడండి, ఆఫీసుల్లో పెద్ద సర్వర్‌కి తగిలించి వాడే చిన్న పెట్టెలు. డెల్ వైస్ 5070 అని ఉంది, ఫ్యాన్ లేదు, మామూలు పీసీలో నడిచే లినక్స్ అంతా అందులో నడుస్తుంది. కొనేటప్పుడు లోపల ఎంత స్టోరేజ్ ఉందో చూసుకోండి. వాటిని డిస్క్ అవసరం లేని పనికోసమే తయారుచేశారు కాబట్టి కొన్నిటిలో మరీ తక్కువ ఉంటుంది.

కొత్తవాటిలో ఇంటెల్ ఎన్100 చిప్ పెట్టెలు బాగా కనబడుతున్నాయి. 2023లో వచ్చిన చిప్, నాలుగు కోర్లు, 6 వాట్ల తరగతి. మంచి చిప్ అది, పాటలకి అవసరానికి మించిందే. ఫ్యాన్ లేని మోడల్ దొరికితే రెండు దారులకీ సరిపోతుంది. ఇంటెల్ సొంతంగా అమ్మిన ఎన్‌యూసీ అనే మినీ పీసీలని 2023లో మానేసింది, ఆ వరస ఇప్పుడు ఏసస్ చేతిలో ఉంది.

పాత ల్యాప్‌టాప్? అడిగేవాళ్లు చాలామంది. దానికో గొప్ప సుగుణం, బ్యాటరీయే యూపీఎస్‌లా ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి చార్జింగ్‌లోనే ఉన్న పాత బ్యాటరీ ఉబ్బుతుంది. మూల పెట్టి మర్చిపోయే వస్తువులో అది మంచిది కాదు. ప్రయోగానికి వాడండి, నెలో రెండు నెలలో. మీకు సర్వర్ అలవాటవుతుందో లేదో తెలుస్తుంది. శాశ్వతంగా వద్దు.

కరెంటు లెక్క. ఒక్క వాటు ఏడాదంతా కాలితే 8.76 యూనిట్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, మిగతాది మీరే కట్టుకోవచ్చు. డిస్క్ లేకుండా పై 4 ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 3 వాట్లు, అంటే ఏడాదికి 26 యూనిట్లు. 10 వాట్ల మినీ పీసీ అయితే 88. అటక మీది పాత డెస్క్‌టాప్ దింపి పెట్టారనుకోండి, 50 వాట్లు లాగితే 438. పైకీ మినీ పీసీకీ మధ్య తేడా కోసం మరీ ఆలోచించకండి. పాత డెస్క్‌టాప్ మాత్రం ఊరికే వచ్చిందని పెట్టుకుంటే ఊరికే పోదు.

ఇప్పుడు డిస్క్. నిజం చెప్పాలంటే కంప్యూటర్ కంటే ఇదే పెద్ద నిర్ణయం. కంప్యూటర్ పోతే ఇంకోటి కొంటారు. డిస్క్ పోతే?

ముందు ఎంత కావాలో చూద్దాం. గంట ఆల్బమ్ ఫ్లాక్‌లో సుమారు 350 ఎంబీ. ఒక టీబీలో 2,800 ఆల్బమ్‌ల దాకా పడతాయి. మీ దగ్గర అన్ని ఉన్నాయా? ఉంటే మీకు దణ్ణం. మనలో చాలామందికి ఒక టీబీ ఎస్ఎస్‌డీ ధారాళంగా సరిపోతుంది. చప్పుడుండదు, తిరిగే భాగం ఉండదు, తక్కువ కరెంటు.

చిన్న బోర్డుల్లో సిస్టమ్ మైక్రో ఎస్‌డీ కార్డు మీద ఉంటుంది. పాటలు ఆ కార్డు మీద పెట్టకండి. సర్వర్ డేటాబేస్ కూడా వీలైతే దాని మీద వద్దు. ఆ కార్డులు పదేపదే రాయడానికి చేసినవి కావు. రాస్తుండగా కరెంటు పోతే సిస్టమ్ మొత్తం లేవకపోవచ్చు. పైకోర్‌ప్లేయర్ లాంటి వ్యవస్థలు దీనికి చక్కటి ఉపాయం చేశాయి. మొదలయ్యేటప్పుడు అంతా మెమరీలోకి ఎక్కించుకుని, కార్డుని దాదాపు ముట్టుకోవు. వైరు లాగేసినా కార్డు చెడదు.

యూఎస్‌బీ 3.0 డిస్క్‌లకి ఇంకో గుణం ఉంది. అవి పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల చేస్తాయి. ఇంటెల్ వాళ్లే 2012లో దీన్ని కొలిచి ప్రచురించారు. పక్కనే వైఫై ఆ పౌనఃపున్యం మీదే ఉంటే పాట తెగుతుంది. పొడుగు వైరుతో డిస్క్‌ని దూరం జరపండి. లేదా సర్వర్‌కి నెట్‌వర్క్ కేబుల్ వెయ్యండి. కేబుల్ వెయ్యగలిగితే వైఫై గురించి ఆలోచించనే వద్దు.

ఒక చిన్న సంగతి, ఇది ముఖ్యంగా మన లిపిలో పేర్లు పెట్టుకునేవాళ్లకి. లినక్స్ డిస్క్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, గుణింతపు గుర్తు విడిగా లెక్క. అంటే 85 గుర్తులకే అయిపోతుంది. పాట పేరూ, రాగం, తాళం, పాడినవారూ అన్నీ కలిపి ఫైలు పేరు పెట్టేవాళ్లున్నారు చూశారూ, విండోస్‌లో చక్కగా ఉన్న ఫైలు ఇక్కడికి కాపీ కాదు, ఎర్రర్ ఇస్తుంది. ఆ వివరాలన్నీ ఫైలు లోపలి ట్యాగ్‌లలో పెట్టండి, ఫైలు పేరు పొట్టిగా ఉంచండి. ఫ్లాక్ ట్యాగ్‌లు తెలుగుని బాగానే మోస్తాయి.

బ్యాకప్ గురించి ఒక్క ముక్క. రెండు డిస్క్‌లు కలిపి రెయిడ్, అంటే రెండిట్లోనూ ఒకటే రాసే ఏర్పాటు, పెట్టుకుంటే బ్యాకప్ అయినట్టు కాదు. పొరపాటున చెరిపితే రెండిట్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. ఇంకో డిస్క్ కొని, కాపీ చేసి, తీసి బీరువాలో పెట్టండి. ఆ డబ్బు కంప్యూటర్ బడ్జెట్‌లోనే ముందుగా తీసిపెట్టుకోండి, లేకపోతే ఎప్పటికీ కొనరు.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమవుతుంది? రాస్ప్‌బెర్రీ పై దానంతట అదే లేస్తుంది. మినీ పీసీలు లేవకపోవచ్చు. బయోస్‌లో, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు మొదట నడిచే ప్రోగ్రామ్‌లో, ఒక సెట్టింగ్ ఉంటుంది, కరెంటు రాగానే ఆన్ అవ్వమని. అది కొన్న మొదటిరోజే మార్చండి. మానిటర్, కీబోర్డు తీసేసి మూలన పెట్టాక మార్చాలంటే మళ్లీ అన్నీ మోసుకెళ్లాలి.

సాఫ్ట్‌వేర్ గురించి విడిగా ఒక రోజంతా మాట్లాడొచ్చు, ఈరోజు కంప్యూటర్‌కి సంబంధించినంతవరకే. స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ 2001లో ఒక నెట్‌వర్క్ ప్లేయర్ చేసింది. 2006లో లాజిటెక్ దాన్ని కొన్నది. స్క్వీజ్‌బాక్స్ పేరుతో అవి బాగా నడిచాయి. 2012లో లాజిటెక్ ఆ వరస ఆపేసింది. ఆ పెట్టెలు కొన్నవాళ్లంతా ఏమైపోవాలి? ఏమీ కాలేదు. ఎందుకంటే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్, మామూలు కంప్యూటర్ మీద నడిచేది. వాడేవాళ్లే దాన్ని నిలబెట్టుకున్నారు. 2024లో దాని పేరు లిరియన్ మ్యూజిక్ సర్వర్ అయింది, ఈనాటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. ఆనాటి పెట్టెలు ఇంకా పాడుతున్నాయి. మూసిపెట్టిన ఖరీదైన "మ్యూజిక్ సర్వర్" పెట్టె కంటే మామూలు చిన్న కంప్యూటర్ ఎందుకు కొనమంటానో ఇప్పుడు అర్థమైంది కదా. ఫోన్‌లో ఎక్కువ వినేవాళ్లకి నావిడ్రోమ్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ తేలికగా ఉంటుంది. సినిమాలు కూడా కావాలంటే జెల్లీఫిన్. వీడియో మార్పిడి మొదలైతే మాత్రం పై వదిలి ఎన్100కి వెళ్లండి.

ప్రశ్నలు తీసుకుంటాను. చెప్పండమ్మా.

ర్యామ్ ఎంత అని అడుగుతున్నారు. చివరికి వచ్చేశాం చూశారా. పాటల సర్వర్ ఒక్కటే అయితే 1 జీబీలో నడుస్తుంది, 2 జీబీ హాయి. ఫోటోల బ్యాకప్పూ, ఇంకా నాలుగైదు పనులూ దాని మీదే పెడతానంటే 4 నుంచి 8. పాటలకోసం 16 జీబీ కొనకండి.

అక్కడ, వెనక వరసలో. ఆ సార్ అడిగేది, ఇంట్లో ఇప్పటికే నాస్, అంటే నెట్‌వర్క్‌కి తగిలించే డిస్క్‌ల పెట్టె, ఉంది, దాని మీద పెట్టుకోవచ్చా అని. తప్పకుండా. చాలా నాస్‌ల మీద ఈ సాఫ్ట్‌వేర్లు ఎక్కుతాయి. అది వినే గదిలో లేకపోతే మీరు ఇంకేమీ కొనక్కర్లేదు. డిస్క్‌లు నిద్రపోయేలా పెట్టి ఉంటే మొదటి పాటకి కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది, అంతే.

ఇంకొకటి? రెండు గదుల్లో ఒకే పాట ఒకేసారి రావాలి, దానికి పెద్ద సర్వర్ కావాలా? అక్కర్లేదు. అది సర్వర్ బలంతో వచ్చేది కాదు, రెండు ప్లేయర్లూ ఒకే గడియారానికి కట్టుబడితే వచ్చేది. లిరియన్‌లో ఆ ఏర్పాటు ఉంది, విడిగా స్నాప్‌కాస్ట్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. పై 4 ఐదారు గదులకి సులువుగా పంపుతుంది. కానీ ఒక గదిలో ఆపిల్ వాళ్ల ఎయిర్‌ప్లే పద్ధతి స్పీకరు, ఇంకో గదిలో బ్లూటూత్ స్పీకరు పెట్టి కలవమంటే కలవవు, పాట నడవా దాటేసరికి రెండుసార్లు వినబడుతుంది. రెండు గదులకీ ఒకే రకం ప్లేయర్ కొనండి. ఇందాక సర్వర్‌కి వద్దన్నానే, ఆ జీరో 2 డబ్ల్యూలు రెండు, వాటికి చెరో డాక్ బోర్డు పెడితే ఆ పని అయిపోతుంది.